ఉప్పుగాలి ఊళ్లలో ఇనుప బీరువా: బిగింపు, మట్టం, తుప్పు

కొత్త బీరువా వచ్చి నెల తిరక్కుండానే తలుపులు ఒకదాన్నొకటి రాసుకుంటున్నా, తాళం తిరగనని మొరాయిస్తున్నా చాలామంది ముందు తాళాన్నే అనుమానిస్తారు. చూడాల్సింది కాళ్ల కింద గచ్చును. విడిభాగాలుగా వచ్చే బీరువా అంటే ఒక వైపు తెరిచి ఉన్న పల్చటి రేకు పెట్టె. నాలుగు కాళ్లలో ఒకటి రెండు మిల్లీమీటర్లు కిందకి దిగినా పెట్టె మొత్తం మెలిపడుతుంది. ఆ మెలిక తలుపుల దగ్గర కనిపిస్తుంది, తాళం దగ్గర వినిపిస్తుంది. తుప్పు కూడా ఆ కింది నుంచే పైకి పాకుతుంది. అందుకే ఇక్కడ తాళాల కన్నా కాళ్ల గురించే ఎక్కువ చెప్పుకుందాం.

దక్షిణ ఒడిశాలో గోపాలపురం, ఛత్రపురం, బరంపురం వైపు సముద్రపు ఉప్పుగాలి. పర్లాకిమిడి, గుణుపురం వైపు మహేంద్రతనయ, వంశధార వరదలు. కొరాపుట్, జయపురం కొండల మీద చలికాలపు మంచు. ఇనుముకు ఇవన్నీ గిట్టనివే. గాలిలో తేమ 60 శాతం దాటితే ఇనుము తుప్పు పట్టే వేగం పుంజుకుంటుంది. తీరంలో వానాకాలమంతా తేమ 80 శాతం దాటడం మామూలే. రేకు మీద ఉప్పు పొర కూడా ఉంటే అది గాలిలోని తేమను తనే లాక్కుంటుంది కాబట్టి, వాన వెలిసిన రోజున కూడా తుప్పు పని ఆగదు.

కొనే ముందు చూసుకోవాల్సినవి

మామూలు పెద్ద బీరువా ఎత్తు 78 అంగుళాలు, వెడల్పు 36, లోతు 19. కొన్ని అంగుళం అటూ ఇటూ ఉంటాయి. పాత వీధి ఇళ్లలో గుమ్మాలు పొట్టి, మెట్లు ఇరుకు. బిగించిన బీరువా మలుపు తిరగని ఇంటికి విడిభాగాలదే సరైనది. వరదొస్తే విప్పి అటక మీద పెట్టుకోవచ్చు, అది మరో సౌకర్యం.

రేకు మందాన్ని దుకాణంలో గేజీల్లో చెబుతారు. గేజీ అంకె పెరిగేకొద్దీ రేకు పల్చనవుతుంది. 18 గేజీ అంటే 1.2 మిల్లీమీటర్లు, 20 అంటే 0.9, 22 అంటే 0.7, 24 అంటే అర మిల్లీమీటరుకు కాస్త పైన. ఇంటి బీరువాకు 22 గేజీ చాలు. పుస్తకాలు, కాగితాల కట్టలు పెట్టేదైతే 20 తీసుకోండి. 24 గేజీ అరలు బరువుకు కుంగుతాయి, తలుపులు చేత్తో నొక్కితే టపటపమంటాయి. చెప్పిన గేజీ నిజమో కాదో తూకం చెబుతుంది. పైన చెప్పిన కొలతల బీరువా నాలుగు అరలతో 22 గేజీలో సుమారు 55–60 కిలోలు, 20 గేజీలో 70 కిలోల పైచిలుకు తూగాలి. 45 కిలోలే తూగితే బిల్లు మీద ఏం రాసినా అది 24 గేజీ.

ఆ తర్వాత రంగు. పౌడర్ కోటింగు మంచిదే, కానీ దానికి ఒక లోపం ఉంది. విద్యుత్తు ఆకర్షణతో అతుక్కునే ఆ పొడి లోపలి మూలల్లోకి, మడతల్లోకి సరిగ్గా చేరదు. అడుగు రేకును తిరగేసి మడత లోపలికి టార్చి కొట్టి చూడండి. బూడిద రంగు రేకు నగ్నంగా కనిపిస్తే రేపు తుప్పు మొదలయ్యేది అక్కడే. అంతమాత్రాన కొనడం మానక్కర్లేదు, ఆ చోటుకు ఇంటి దగ్గర మందు వేయాలి. గీతలు పడ్డ రేకును మాత్రం అక్కడికక్కడే మార్పించుకోండి. ఆటోలోకి ఎక్కించేటప్పుడు రేకుల మధ్య అట్టలు పెట్టించండి. తలుపులు ఒకదాని మీద ఒకటి పడుకోబెడితే, పై తలుపు పిడి రంధ్రం అంచు కింది తలుపు మీద గీతలు గీసి వదులుతుంది.

చోటు, గచ్చు

బయటి గోడకు, ముఖ్యంగా వాన కొట్టే తూర్పు, దక్షిణ గోడలకు ఆనించకండి. నడిమి గోడ దొరికితే అదే మంచిది. బయటి గోడే గతి అయితే మూడు అంగుళాల ఎడం, లోపలి గోడైతే రెండు అంగుళాలు వదలండి. ఆ సందులో గాలి ఆడుతుంది. గోడ మీదుగా పాకే చెదలకు బీరువాలోకి దారి దొరకదు. స్విచ్చిబోర్డు, పాత వైరింగు దగ్గర ఇనుప పెట్టె పెట్టకండి. వైరు తొడుగు చిరిగి రేకుకు తగిలితే తలుపు ముట్టుకున్న వాళ్లకు షాకు కొడుతుంది.

గచ్చు మట్టం చూడడానికి మూడడుగుల రసమట్టం ఉంటే మంచిది. ఫోనులోని మట్టం అంచనాకే గానీ, ఇక్కడ కావలసిన ఒకటి రెండు మిల్లీమీటర్ల తేడాను నమ్మకంగా పట్టదు. కడిగిన నీళ్లు గుమ్మం వైపు పోవాలని మేస్త్రీలు గచ్చుకు కావాలనే వాలు పెడతారు. మూడడుగుల వెడల్పులో ఐదారు మిల్లీమీటర్లు వాలడం వింతేమీ కాదు. ఎంత వాలుందో, ఎటు వాలుందో గచ్చు మీద సుద్దతో రాసిపెట్టుకోండి. తర్వాత పనికొస్తుంది.

నీళ్లు చేరే ఇల్లయితే గచ్చు మీద నేరుగా వద్దు. రెండు వరసల ఇటుకల మీద చదునైన గ్రానైటు ముక్కలు పరిచి, నాలుగు కాళ్లూ వాటి మీద నిలబెట్టండి. వంటచెరకు దుంగలు, పాత తలుపు చెక్కలు వేయకండి. అవి తడి పీల్చి కాళ్లకు అంటిస్తాయి, చెదలను పిలుస్తాయి.

బిగించే ముందు రోజు

సామాన్లు విప్పగానే స్పానరు పట్టుకోవద్దు. అన్నీ అట్టల మీద పరిచి లెక్క చూడండి: పక్క రేకులు రెండు, వెనక రేకు (కొన్నిట్లో రెండు ముక్కలు), పై రేకు, అడుగు రేకు, తలుపులు రెండు, అరలు నాలుగు, ఒక్కో అరకు నాలుగేసి చొప్పున 16 కొక్కేలు, తాళం, పిడి, పిడికి తగిలించే పొడవాటి కడ్డీలు రెండు, తాళంచెవులు. బోల్టులు ఎక్కువ శాతం 6 మిల్లీమీటర్లవే. వాటి నట్టుకు 10 నంబరు స్పానరు సరిపోతుంది. స్టారు స్క్రూడ్రైవరు, టేపు, రబ్బరు సుత్తి, రసమట్టం దగ్గర పెట్టుకోండి. చేతులకు తొడుగులు తప్పనిసరి. కోసిన రేకు అంచు కత్తితో సమానం.

ఇప్పుడు అడుగు రేకును తిరగేయండి. దాని కింది వైపుకు, మడతల లోపలికి, బోల్టు రంధ్రాల అంచులకు రెడాక్సైడ్ ప్రైమరు (తుప్పు పట్టకుండా రంగు కింద వేసే ఎర్రటి మందు) ఒక పూత వేసి రాత్రంతా ఆరనివ్వండి. మర్నాడు ఏ రంగైనా సరే, సింథటిక్ ఎనామెల్ ఒక పూత వేయండి. అది ఎవరికీ కనపడని వైపు. పక్క రేకుల కింది నాలుగంగుళాలకు కూడా లోపలి వైపు ఇలాగే చేయండి. పావులీటరు డబ్బా చాలు. బీరువా నిలబెట్టిన తర్వాత అక్కడికి కుంచె చేరదు, ఎవరూ దాన్ని మళ్లీ పడుకోబెట్టరు కూడా. దుకాణం మనిషి గంటలో బిగించేసి వెళ్తానంటే ఈ ఒక్క పని కోసం ఆయన్ను మర్నాడు రమ్మనండి.

తీరానికి దగ్గరైతే బీరువాతో వచ్చిన నట్లు, బోల్టులు పక్కన పెట్టి అదే కొలతలో స్టెయిన్‌లెస్ స్టీలువి కొనుక్కోవడం మంచిది. సన్నటి జింకు పూత ఉన్న బోల్టు ఉప్పుగాలికి తొందరగా తుప్పుపడుతుంది. ఆ తర్వాత విప్పాలంటే తలకాయ విరుగుతుంది.

బిగింపు

ఇద్దరు కావాలి. ఒక్కరితో అయ్యే పని కాదు.

వెనక రేకును అట్టల మీద బోర్లా కాక, లోపలి వైపు పైకి ఉండేలా పరవండి. దానికి ఒక పక్క రేకును నిలబెట్టి బోల్టులు వేయండి, తర్వాత రెండో పక్క రేకు. ఆ తర్వాత అడుగు రేకు, చివర పై రేకు. అన్ని బోల్టులూ వేళ్లతో తిప్పినంత వరకే. ఇక్కడే తొందరపడి తప్పు చేస్తుంటారు. మొదటి పక్కను గట్టిగా బిగించేస్తే చివరి రేకు రంధ్రాలు కలవవు. అప్పుడు స్క్రూడ్రైవరు దూర్చి రంధ్రాన్ని పెద్దది చేస్తారు, రంగు ఊడుతుంది, రంధ్రం కోలగా అవుతుంది, ఆ జాయింటు ఎన్నటికీ నిలవదు. రంధ్రాలు కలవకపోతే మిగతా బోల్టులు వదులు చేయండి, వాటంతట అవే కలుస్తాయి.

అన్ని బోల్టులూ పడ్డాక ముందు వైపు రెండు మూలకొలతలు తీసుకోండి. 78, 36 అంగుళాల పెట్టెకు పై ఎడమ మూల నుంచి కింది కుడి మూలకు 86 అంగుళాలకు దాదాపు ఒక్క నూలు (అంగుళంలో ఎనిమిదో వంతు) తక్కువగా రావాలి. అసలు అంకె కన్నా రెండు కొలతలూ సమానంగా ఉండడమే ముఖ్యం. మూడు మిల్లీమీటర్లకు మించి తేడా వస్తే ఎక్కువ ఉన్న మూలను అరచేత్తో లోపలికి తట్టి మళ్లీ కొలవండి. సమానమయ్యాక ముందు అడుగు మూలలు, తర్వాత పై మూలలు, ఆ తర్వాత నడిమి బోల్టులు. ఒక మూల బిగించాక దాని పక్కదానికి పోకుండా ఎదురు మూలకు వెళ్లండి. నట్టు చేతికి బిగుసుకున్నాక స్పానరుతో పావు చుట్టు చాలు. బలమంతా పెట్టి తిప్పితే పల్చటి రేకు బోల్టు కింద గుంటపడి, ఆ గుంట అంచున రంగు పగులుతుంది. ఏడాది తిరిగేసరికి ప్రతి బోల్టు చుట్టూ గోధుమరంగు వలయం కనపడితే కారణం ఈ అతి బిగింపే. నట్టు వైపు వాషరు మరవకండి.

తలుపులు ఇంకా పెట్టలేదు గదా. అలాగే నిలబెట్టండి. లేపేటప్పుడు అడుగు అంచు గచ్చు మీద ఈడవకూడదు, కింద గోనెసంచి వేయండి. తలుపులతో కలిపి లేపితే బరువు ముందుకు తూగి మీద పడుతుంది.

మట్టం: ఈ ఒక్కటి నేర్చుకుంటే చాలు

బీరువాను దాని చోట నిలబెట్టి రసమట్టాన్ని ముందు అడుగు మీద అడ్డంగా, తర్వాత పక్క రేకు పక్కన లోతు వైపుగా పెట్టి చూడండి. మొదట వెనక కాళ్లు సరిచేయండి, తర్వాత ముందువి. కాళ్ల కింద పెట్టడానికి వడ్రంగి దగ్గర పారేసే సన్‌మైకా ముక్కలు బాగుంటాయి. ఒక్కో ముక్క మందం మిల్లీమీటరే. అణగవు, తడికి ఉబ్బవు. అట్టముక్కలు, మడిచిన కాగితం పనికిరావు. తడిబట్టతో నాలుగుసార్లు తుడిచేసరికి అణిగిపోయి మట్టం మళ్లీ మొదటికొస్తుంది.

ఇప్పుడు తలుపులు తగిలించండి. చాలా నమూనాల్లో తలుపు కింది సూదిని ముందు అడుగు రంధ్రంలో దించి, పై సూదిని స్ప్రింగు నొక్కి పైరంధ్రంలోకి వదలాలి. కింది రంధ్రంలో నైలాను గిన్నె ఉందో లేదో చూసుకోండి. అది లేకపోతే ఇనుము మీద ఇనుము రాసుకొని తలుపు కిరకిరమంటుంది. రెండేళ్లలో రంధ్రం అరిగి తలుపు కిందికి జారుతుంది. కీలు బోల్టులతో బిగించే రకమైతే పైకీలు ముందు, కిందిది తర్వాత. ఇక్కడ కూడా మొదట వదులుగానే.

తలుపులు మూసి చూడండి. రెండింటి పై అంచులూ ఒకే గీతలో ఉండాలి, నడిమి సందు పై నుంచి కింది దాకా రెండు మూడు మిల్లీమీటర్లతో సమానంగా రావాలి. ఒక తలుపు కిందికి ఉంటే కీలుతో కుస్తీ పట్టొద్దు. ఏ తలుపు కిందికి దిగిందో ఆ వైపు ముందు కాలి కింద ముక్క పెట్టండి. కుడి తలుపు దిగితే కుడి ముందు కాలు, ఎడమది దిగితే ఎడమ ముందు కాలు. ముందు వైపు తెరిచి ఉన్న పెట్టె కాబట్టి ఒక ముందు కాలు ఎత్తితే ఆ వైపు తలుపు లేస్తుంది, రెండో తలుపు నడిమి అంచు కిందికి వాలుతుంది. అందుకే ఒక మిల్లీమీటరు ముక్కతో తలుపులు కలిసే చోట దాదాపు రెండు మిల్లీమీటర్ల తేడా వస్తుంది. నాలుగు మిల్లీమీటర్లు ఎగుడుదిగుడు ఉంటే రెండు ముక్కలు చాలు. నాలుగు పెడితే ఈసారి రెండోవైపు వాలుతుంది. ఇది తెలియక కీళ్లు వంచేసిన బీరువాలు ఊళ్లో లెక్కలేనన్ని. వంచిన కీలు మళ్లీ తిన్నగా రాదు.

ఖాళీ బీరువాకు చూసిన మట్టం నిండిన బీరువాకు పూర్తిగా పనికిరాదు. బట్టలు, సామాన్లు సర్దిన వారం తర్వాత మరోసారి చూడండి. బరువు నూటయాభై, రెండొందల కిలోలకు చేరితే పలకల గచ్చులో ఒక పలక కిందికి కూరుకోవచ్చు.

తాళం, కడ్డీలు

పిడి తిప్పితే ఒక కడ్డీ పైకి, ఒకటి కిందికి పోయి పై రేకు, అడుగు రేకు రంధ్రాల్లో దూరుతాయి. తలుపు తీసి ఉండగానే పిడి తిప్పి కడ్డీలు ఆడుతున్నాయో లేదో ముందు చూడండి, తర్వాత మూసి తిప్పండి. తీసి ఉన్నప్పుడు హాయిగా ఆడి, మూసినప్పుడు పట్టేస్తే తాళం మంచిదే, మట్టం తప్పింది. వెనక్కి వెళ్లి ముక్కలు చూడండి. తీసి ఉన్నప్పుడే బిగుసుకుంటే కడ్డీ వంగింది, లేదా దాన్ని పట్టే కొక్కెం పక్కకు జరిగింది. కడ్డీ చివర రంధ్రంలోకి అరంగుళమైనా దిగాలి. అంతకన్నా తక్కువైతే ఎవరైనా తలుపు మూలను పట్టి లాగితే ఊడివస్తుంది.

తాళంలో కొబ్బరినూనె పోయకండి. ఆ నూనె దుమ్ము పడితే జిడ్డవుతుంది. పైగా 24 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది. కొరాపుట్‌లో పుష్యమాసం ఉదయం తాళంచెవి ఎందుకు తిరగడం లేదో అప్పుడు ఆలోచించాల్సి వస్తుంది. మెత్తటి పెన్సిలు ములుకును సన్నగా గీకి ఆ పొడిని తాళంచెవి పళ్లకు అద్ది నాలుగైదు సార్లు తిప్పండి, ఏడాదికి అదే చాలు. కడ్డీలు దూరే చోట మాత్రం కొంచెం గ్రీసు రాయొచ్చు.

తాళంచెవి మీద గానీ తాళం ముఖం మీద గానీ చెక్కిన నంబరుంటే రాసిపెట్టుకోండి. ఆ కాగితం బీరువాలో కాకుండా వేరే చోట ఉండాలి. రెండో తాళంచెవిని కూడా లోపలే దాచేవాళ్లు ఉన్నారు, ఏం చెప్పాలి.

గోడకు కట్టడం

19 అంగుళాల లోతు, ఆరున్నర అడుగుల ఎత్తు. తలుపులు రెండూ తెరిచి, పిల్లలెవరైనా కింది అర మీద కాలు పెట్టి పైకెక్కితే బీరువా ముందుకు పడుతుంది. పై రేకు వెనక అంచున రెండు చోట్ల ఎల్ ఆకారపు పట్టీలు బిగించి గోడకు కట్టండి. పట్టీ పొడవు మీరు వదిలిన సందుకు తగ్గట్టు ఉండాలి. ఇటుక గోడకు 8 మిల్లీమీటర్ల బిట్టుతో రెండంగుళాలకు పైగా రంధ్రం చేసి ప్లాస్టిక్ ప్లగ్గు, రెండంగుళాల స్క్రూ వేయండి. రంధ్రం ఇటుకలో పడాలి. రెండిటుకల మధ్య సిమెంటు కీలులో పడితే ప్లగ్గు నిలవదు. గజపతి, రాయగడ పల్లెల్లో మట్టిగోడలు ఇంకా ఉన్నాయి, వాటిలో ప్లగ్గు అసలు ఆగదు. పక్కన చెక్క స్తంభమో దూలమో ఉంటే దానికి బిగించండి. స్విచ్చిబోర్డుకు నిలువుగా పైనా కిందా గోడలో వైర్లు పోతుంటాయి, ఆ గీతలో డ్రిల్లు పెట్టకండి. బీరువా రేకుకు మీరు చేసిన ప్రతి కొత్త రంధ్రం అంచుకూ అప్పుడే ప్రైమరు చుక్క అద్దండి.

ఏం పెట్టాలి, ఎలా పెట్టాలి

బరువైనవి కింది అరల్లో. ఒక్కో అర మీద బరువు అంతటా పరిచి 30–40 కిలోల లోపు ఉంచండి. నడిమిన కుప్పగా పోస్తే అర కుంగి, కొక్కేలు రంధ్రాల్లోంచి జారతాయి.

అరల మీద వార్తాపత్రికలు పరచడం అలవాటు. కాగితం తడి పట్టుకుంటుంది, రేకుకు అంటుకుంటుంది, సిరా బట్టకు ఎక్కుతుంది. ప్లాస్టిక్ షీటు ఇంకా హానికరం. దాని కింద చేరిన తేమ ఎటూ పోలేక రేకును తినేస్తుంది. ఉతికిన తెల్లటి నూలుబట్ట పరచండి, రెండు నెలలకోసారి తీసి ఎండలో వేసి మళ్లీ పరవండి. బరంపురం పట్టుచీరలైతే అదే బట్టలో చుట్టి పెట్టండి. జరీ నేరుగా రేకుకు తగలకూడదు. నాఫ్తలీను ఉండలు చీర మడతలో కాకుండా చిన్న గుడ్డ సంచిలో వేసి పై అరలో ఉంచండి.

తేమ పీల్చే సిలికా జెల్ పొట్లాల మీద చాలామందికి అతి నమ్మకం. బీరువా లోపలి గాలి ఒక ఘనపు మీటరు కన్నా తక్కువే. 30 డిగ్రీల దగ్గర పూర్తిగా తేమ నిండినా అందులో ఉండే నీరు 30 గ్రాములు మించదు. కానీ నూలు బట్టలు మామూలు రోజుల్లోనే తమ బరువులో ఎనిమిది శాతం దాకా నీటిని పట్టుకుంటాయి. 40 కిలోల బట్టలంటే మూడు కిలోల పైగా నీరు. వానాకాలంలో ఇంకా ఎక్కువ. అందుకే సిలికా కన్నా ముందు చూడాల్సింది బట్ట ఆరిందా లేదా అన్నది. ఎండలో వేసినవి నీడలో చల్లారాక సర్దండి. వేడివేడిగా పెట్టి తలుపేస్తే రాత్రి చల్లబడ్డ రేకు మీద చెమ్మ పడుతుంది. పట్టు నీడనే ఆరాలి. ఇవన్నీ చేసి, కాగితాలు, కెమెరా లాంటివి పెట్టే అరలో పావుకిలో సిలికా జెల్ సంచి ఉంచితే ప్రయోజనం ఉంటుంది. రంగు మారాక 120 డిగ్రీల ఓవెన్లో రెండు గంటలు వేడి చేసి మళ్లీ వాడుకోవచ్చు.

ఉప్పులాంటి గుళికలతో నీళ్లు చేరే ప్లాస్టిక్ డబ్బాలు బజార్లో దొరుకుతున్నాయి. వాటిలో ఉండేది కాల్షియం క్లోరైడు. తేమ బాగానే లాగుతాయి గానీ ఆ నీళ్లు ఒలికితే ఇనుముకు ఉప్పునీళ్ల కన్నా చేటు. ఇనుప బీరువాలో పెట్టకండి. బ్లీచింగు పౌడరు, బాత్రూము కడిగే యాసిడ్ సీసాలు బీరువాలోనే కాదు, ఆ గదిలోనే వద్దు. మూత వదులుగా ఉన్న యాసిడ్ సీసా ఆవిరి ఒక్క వానాకాలంలో తాళాన్ని, కీళ్లను ఎర్రబారుస్తుంది.

ఏడాది పొడవునా

వారానికోసారి పొడిబట్ట, నెలకోసారి రెండు చుక్కల సబ్బునీళ్లతో తడిపి పిండిన బట్ట, వెంటనే పొడిబట్ట. పీచు, గిన్నెలు తోమే పొడి, థిన్నరు పౌడర్ కోటింగు మీద వాడకండి. గచ్చు తుడిచేటప్పుడు ఫినాయిలు నీళ్లు కాళ్లకు కొట్టకుండా చుట్టూ చేత్తో పిండిన బట్టతో తుడవండి. దసరాకు పెట్టిన పసుపు, కుంకుమ బొట్లను మర్నాడే తుడిచేయండి, వారాలు వదిలితే తడికి కరిగి రంగులోకి ఇంకిపోతాయి.

ఒడియావాళ్ల రజ పండుగకు ముందు, అంటే జూన్ మొదట్లో, ఒక పూట కేటాయించండి. కింది అర ఖాళీ చేసి టార్చితో అడుగు మూలలు చూడండి. బోల్టులు వదులయ్యాయేమో స్పానరు ఆనించి చూడండి. మడతల్లోకి, కాళ్ల చుట్టూ, బట్టలు తగలని చోట్ల పెట్రోలియం జెల్లీ పల్చగా పూయండి. కీళ్లకు మెషిను నూనె ఒక్కో చుక్క చాలు. తలుపుల గీత ఓసారి చూసుకోండి. కార్తీకం వెళ్లాక, గాలి పొడిబారినప్పుడు, అన్ని అరలూ ఖాళీ చేసి రోజంతా తలుపులు తెరిచి ఉంచండి. రంగు పని ఉంటే అదే అదను.

తుఫాన్లు ఈ తీరానికి అక్టోబరులో రావడం చూస్తూనే ఉన్నాం. 2013 అక్టోబరు 12న ఫైలిన్ గోపాలపురం దగ్గరే తీరం దాటింది, 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర దాటి గజపతి జిల్లాను వరదల్లో ముంచింది. హెచ్చరిక రాగానే కింది రెండు అరలూ ఖాళీ చేయండి. బీరువాను కిటికీకి ఎదురుగా ఉంచకండి. కాగితాలు ప్లాస్టిక్ సంచిలో వేసి మూతి గట్టిగా కట్టి పై అరలో పెట్టండి. ఈ ప్లాస్టిక్ తుఫాను దాటే దాకే. ఉప్పునీళ్లు తగిలితే ఆరిపోయింది గదా అని ఊరుకోకండి. నీరు ఆరుతుంది, ఉప్పు మిగులుతుంది. బోరు నీళ్లు కూడా ఉప్పగా ఉంటాయి, కుళాయి నీళ్లో వాననీళ్లో వాడండి. తలుపులు, అరలు తీసి మంచినీళ్లతో రెండుసార్లు కడిగి, తుడిచి, ఫ్యాను కింద ఆరబెట్టండి. అడుగు మడతలో నీళ్లు నిలుస్తాయి కాబట్టి అడుగు రేకు బోల్టులు విప్పి కడగాలి. ఎంత తొందరగా చేస్తే అంత మంచిది, రెండో రోజుకే ఎర్రమచ్చలు మొదలవుతాయి.

తుప్పు కనపడితే

గోరుతో గీకండి. పొడిగా రాలి కింద గట్టి రేకు తగిలితే పైపైదే. రంగు బుడగలా ఉబ్బి ఉంటే తుప్పు దాని కింద కనిపిస్తున్నదానికి రెండింతల మేర పాకి ఉందనుకోండి. ఉబ్బిన రంగును గట్టి రంగు దొరికే దాకా గీకేయాలి. 80 నంబరు ఎమరీ పేపరుతో మెరిసే ఇనుము కనపడే వరకు, తర్వాత 180తో అంచులు నునుపయ్యే వరకు రుద్దండి. గుంటల్లో చేరిన నల్లటి తుప్పుకు వైరు బ్రష్షు వాడండి. థిన్నరులో ముంచిన గుడ్డతో తుడిచి, గంటలోపు రెడాక్సైడ్ ప్రైమరు వేయండి. రుద్దిన ఇనుమును రాత్రంతా వదిలేస్తే తెల్లారేసరికి మళ్లీ ఎర్రబడి, మీరు రంగేసేది తుప్పు మీదే అవుతుంది. ప్రైమరు రెండు పల్చటి పూతలు, మధ్యలో ఒక రాత్రి. ఆ తర్వాత ఎనామెల్ రెండు పూతలు. ముసురు రోజున ఈ పని పెట్టుకోకండి. పూత తెల్లగా మసకబారుతుంది, అతుక్కోదు కూడా. కిటికీలు తీసి చేయండి, పాత రంగు రుద్దేటప్పుడు ముక్కుకు గుడ్డ కట్టుకోండి.

అడుగు రేకులో స్క్రూడ్రైవరు మొన దిగబడేంతగా చిల్లు పడితే పుట్టీ నింపి రంగేయడం దండగ. బీరువాలు చేసే వర్క్‌షాపులో అదే కొలతకు 20 గేజీ రేకు మడత పెట్టించి, పాతదాని రంధ్రాలు గుర్తులు పెట్టి కొట్టించి, రెండు వైపులా ప్రైమరు వేయించి మార్చుకోండి. విడిభాగాల బీరువా అయినందుకు పనికొచ్చేది ఇక్కడే, ఎనిమిదో పదో బోల్టులు విప్పితే అడుగు ఊడివస్తుంది. పక్క రేకుల కింది అంచులు కూడా తినేసి, కాళ్ల మీద పెట్టె ఊగుతుంటే మాత్రం ఆ డబ్బు పెట్టకండి. తాళం, పిడి, అరలు విప్పి దాచుకుని మిగతాది పాత ఇనుముకు వేసేయండి.